పొరుగింటి పొగ



పుష్య మాఘ మాసములలో, మంచు దిగి మిరపకాయలు కళ్లమునకు చేరు దినములలో, నడిరాత్రి మీ వీధిలో ఎప్పుడైన మెలకువగా నుండి విన్నారా? ఏదో ఒక ఇంటిలోనుండి ఈలవంటి సన్నని చప్పుడు వచ్చును. మన పెద్దలు దానిని పిల్లికూతలనిరి. ఆ ఇంటిలో ఒక బిడ్డ పండుకొనలేక, గోడకు ఆనుకొని కూర్చుండి, భుజములు పైకెత్తి, ప్రతి ఊపిరిని అప్పు తెచ్చుకొన్నట్లు తీసికొనుచుండును. తల్లి వీపు రాయుచుండును. ఆ చప్పుడు ప్రక్క ఇంటివారికిని వినబడును. "పాపం, ఆ పిల్లకు మళ్లీ ఆయాసం వచ్చింది" అని వారు అటు తిరిగి పండుకొందురు.

అది ఆ ఇంటి సంగతి అని మనమందరము తలంచుచున్నాము. ఈ నెల మీతో మాటలాడగోరు ప్రశ్న అదియే. ఒక బిడ్డ ఊపిరి నిజముగా ఆ ఒక్క ఇంటి సంగతియేనా?

నా తప్పుతోనే మొదలుపెట్టుట న్యాయము. గుంటూరు సీమలో ఒక పల్లెకు 2024 మాఘమాసములో ఇండ్లు దర్శించుటకు వెళ్లితిని. ఒక ఇంటిలో ఎనిమిదేండ్ల పాప మంచముమీద కూర్చుండి దగ్గుచుండెను. వంట ఆ గదిలోనే. పొయ్యిలో పత్తికట్టె, మిరపకట్టె. ఆ మిరపకట్టె పొగ ఎట్టిదో తెలిసినవారికి నేను చెప్పనక్కరలేదు. రెండు నిమిషములకే నా కండ్లు నీళ్లు కారెను. గడప దగ్గర తాతగారు చుట్ట కాల్చుచుండిరి. మూలను తలుపు వెనుక ఎఱ్ఱని గ్యాసు సిలిండరు ఉండెను. దానిమీద పాత చీరలు మడిచి పెట్టియుండిరి.

నేను పాపకొరకు ప్రార్థన చేసి, లేచుచు తల్లితో, "అమ్మా, ఈ పొగే బిడ్డ ప్రాణం తీస్తున్నది. పొయ్యి బయట పెట్టుకోకూడదా? గ్యాసు ఉన్నదిగా?" అంటిని. ఆమె తల వంచుకొని "అట్టాగేనండి అయ్యగారూ" అనెను. ఆమె అత్తగారు మాత్రము ఊరకుండలేదు.

"చెప్పేవాళ్లు శానామంది వచ్చారయ్యగారూ. నర్సమ్మ చెప్పింది, పంతులుగారు చెప్పారు, ఇప్పుడు మీరు చెప్పారు. సిలిండరు మోసుకొచ్చినోళ్లు మాత్రం ఒక్కళ్లూ లేరు."

ఆ మాట నాకు కోపము తెప్పించినదని ఒప్పుకొనుచున్నాను. పెద్దదానికి నోరు దురుసు అనుకొని బయటికి వచ్చితిని.

పదునైదు దినములైన తరువాత ఆ పాపకు రాత్రివేళ తీవ్రముగా వచ్చెను. అంతకుముందు ఒక వైద్యుడు ఆమెకు నీలిరంగు ఇన్‌హేలరు వ్రాసియిచ్చియుండెను. అది ఇంటిలోనే ఉన్నది, కాని ఎవరికిని దొరకలేదు. ఆ దినము పాప మేనత్తను చూచుటకు పెండ్లివారు వచ్చియుండిరి. ఇంటిలో ఆయాసపు జబ్బు ఉన్నదని తెలిసినయెడల సంబంధము తప్పిపోవునని భయపడి, నాయనమ్మ దానిని బియ్యపు డబ్బా అడుగున దాచి, పెండ్లివారు వెళ్లినవెంటనే పొరుగూరిలో చావు కబురు వచ్చుటచేత అటు వెళ్లిపోయెను. ఇంటిల్లిపాది దీపములు పట్టుకొని వెదకిరి. చివరకు వీధి చివర ఆటోవానిని లేపి, తెల్లవారుజామున ఏరియా ఆసుపత్రికి చేర్చిరి. ప్రాణవాయువు పెట్టిరి. మూడు దినములకు పాప ఇల్లు చేరెను. ఆ ఆటోవాడు ఒక్క పావుగంట ఆలస్యముగా లేచియున్నయెడల ఏమగునో నేను వ్రాయజాలను.

ఇప్పుడు చెప్పుడి. తప్పెవరిది? పొయ్యి రాజేసిన తల్లిదా? ఇన్‌హేలరు దాచిన నాయనమ్మదా? చుట్ట కాల్చిన తాతదా? జబ్బు పేరు వినగానే సంబంధము మానుకొను మన ఊరి మర్యాదదా? ప్రార్థన చేసి, సలహా చెప్పి, చేతులు దులుపుకొని పోయిన నాదా?

జవాబు చెప్పుకొనక ముందు ఈ జబ్బును గూర్చి కొంచెము తెలిసికొనవలెను. మన గొంతునుండి ఊపిరితిత్తులలోనికి గాలి పోవు గొట్టములు చెట్టు కొమ్మలవలె చీలుచు చీలుచు సన్నబడును. ఉబ్బసము గల బిడ్డలో ఆ గొట్టముల లోపలి పొర ఎల్లప్పుడును కొంచెము వాచియుండును. పొగ తగిలినను, దుమ్ము తగిలినను, జలుబు చేసినను, చల్లగాలి కొట్టినను, వాటి చుట్టునున్న కండరములు బిగిసికొనును, లోపల జిగురు చేరును. ఆ ఇరుకు త్రోవలో గాలి దూరునప్పుడు వచ్చు చప్పుడే పిల్లికూత. ఇది అంటువ్యాధి కాదు. ఒకరి కంచములో తిన్నంత మాత్రమున రాదు. తల్లిదండ్రుల పాపమువలన వచ్చినదని అనువారు కలరు. పుట్టుగ్రుడ్డివానిని చూచి ఆ మాటయే అడిగిన శిష్యులకు వారి గురువు కాదని చెప్పిన సంగతి ఈ పత్రిక చదువువారికి నేను గుర్తుచేయనక్కరలేదు.

మందులు రెండు విధములు. ఒకటి బిగిసిన కండరములను అప్పటికప్పుడు వదులుచేయునది; సాల్బుటమాల్ అందురు, సాధారణముగా నీలిరంగు డబ్బాలో వచ్చును. రెండవది లోపలి వాపును మెల్లమెల్లగా తగ్గించునది, బ్యూడెసొనైడు అట్టిది. దానిని వైద్యుడు చెప్పినంత కాలము, బిడ్డ బాగుగా ఉన్న దినములలో కూడ తీసికొనవలెను. మన పల్లెలలో జరుగు పొరపాటు ఇక్కడనే. ఆయాసము వచ్చినప్పుడు నీలి మందు పీల్చుదురు, తగ్గగానే అన్నియు మానివేయుదురు. నిప్పు ఆర్పక పొగను మాత్రము విసరినట్లు అగును. ఈ జబ్బును వేరుతో తీసివేయు మందు ఇంకను రాలేదు. అయినను అదుపులో నుంచు మందు ఉన్నది. అదుపులో నున్న బిడ్డ బడికి పోవును, పరుగెత్తును, చెరువులో ఈదును.

"ఇన్‌హేలరు అలవాటైపోతుందండి, స్టెరాయిడ్ అంటండి" అని భయపడు తల్లులు అనేకులు. వారికి కసరుకొనక జవాబు చెప్పవలెను. ఇన్‌హేలరులో మందు మిల్లీగ్రాములో వెయ్యవ వంతుల లెక్కన ఉండును, నేరుగా గొట్టములమీదనే పడును. అందుచేత మింగు మాత్రకంటె శరీరమునకు చేరునది బహు తక్కువ. ఏ నష్టమును లేదని నేను చెప్పను. దీర్ఘకాలము వాడిన పిల్లలలో పొడవు సుమారు ఒక సెంటీమీటరు తగ్గుట వైద్యులు గమనించిరి. ఒక సెంటీమీటరు ఎత్తు ఒక ప్రక్క, నిండు ఊపిరి మరియొక ప్రక్క. తల్లికి రెండును చెప్పి, తూచుకొనుమనుట మర్యాద. పీల్చిన తరువాత నోరు నీళ్లతో పుక్కిలించుట మరువకూడదు.

ఈ చిన్న డబ్బా కథ కూడ చెప్పదగినదే. 1955లో అమెరికాలో జార్జి మేజన్ అను ఆయన ఒక మందుల కంపెనీకి అధిపతిగా ఉండెను. ఆయనకు ఉబ్బసము గల పదుమూడేండ్ల కుమార్తె ఉండెను. అప్పటివరకు మందును గాజుబుడ్డిలో పోసి రబ్బరు తిత్తి పిసికి పీల్చుకొనవలసినదే; బుడ్డి పగులును, మందు కారిపోవును. జుట్టుకు కొట్టుకొను సెంటు డబ్బాలో పెట్టినట్లు నా మందును ఎందుకు పెట్టకూడదని ఆ పిల్ల తండ్రిని అడిగెను. తండ్రి నవ్వి ఊరకుండలేదు. మరుసటి సంవత్సరమే, 1956లో, నొక్కగానే కొలత ప్రకారము మందు వచ్చు డబ్బా అంగళ్లలోనికి వచ్చెను. మన పల్లె పిల్ల చేతిలోని నీలి డబ్బా ఆ ప్రశ్నకు పుట్టినదే. అట్టి వస్తువును మనము బియ్యములో దాచుచున్నాము.

దాచుటను గూర్చి ఇంకొక మాట. కండ్లజోడు పెట్టుకొన్న పిల్లను చూచి ఒకప్పుడు సంబంధములు తప్పించుకొనిరి. ఇప్పుడు ఎవరును ఆ మాట ఎత్తరు. జోడు మారలేదు, మనము మారితిమి. ఇన్‌హేలరుకు ఆ దినము ఎప్పుడు వచ్చును? ఆ డబ్బాను బడిసంచిలో పెట్టుకొనుటకు సిగ్గుపడు పిల్ల, ఆటస్థలములో ఆయాసపడినప్పుడు ఎవరికిని చెప్పక గోడచాటుకు పోవును. నేను బోధించిన ఆదివారపు బడిలో అట్టి పిల్ల ఒకతె యుండెను. నిలువబడి పాట పాడుమన్నప్పుడెల్ల కూర్చుండిపోయెడిది. సోమరితనమనుకొని రెండుమారులు అందరి ఎదుట గద్దించితిని. ఆమెకు ఊపిరి చాలలేదని చాల కాలమునకు తెలిసెను.

ఇక మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఇచ్చు చేపమందును గూర్చి నన్ను అడుగువారు ప్రతి సంవత్సరమును ఉందురు. బిడ్డ బాధ చూడలేక అంత దూరము వెళ్లి వరుసలో నిలుచువారిని నేను ఎగతాళి చేయను. తల్లి కాళ్లు ఎక్కడికైనను నడుచును. అయితే ఆ మందు ఉబ్బసమును పోగొట్టునని వైద్యపరీక్షలలో రుజువు కాలేదు. దానిని నమ్మి ఇన్‌హేలరు మానిపించుట ప్రాణాపాయము. ప్రార్థనను నమ్మి ఇన్‌హేలరు మానిపించుటయు అంతే. మన కూటములలో అది జరుగుచున్నది గనుక ఈ మాట కూడ వ్రాయుచున్నాను.

మరల పొయ్యి దగ్గరకు వత్తము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2020లో ఇండ్లలోని వంటపొగ మొదలైనవాటివలన ప్రపంచమందు సుమారు 32 లక్షలమంది మరణించిరి. మన రాష్ట్రములో 1999లో దీపము పథకము వచ్చెను, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకము వచ్చెను. పేదయింటికి గ్యాసు కనెక్షను చేరెను. అయితే పొయ్యి రావడము వేరు, ఏటికేడు సిలిండరు నిండడము వేరు. పత్తికట్టె ఊరక వచ్చును. సిలిండరు ఊరక రాదు. కూలి లేని నెలలలో తల్లి ఏది ఎన్నుకొనునో మనకు తెలియును. ఆ ఎంపికకు ఆమెను నిందించువాడు మొదట ఆమె చేతిలోని రూపాయలు లెక్కపెట్టవలెను.

ఇంకొక సంగతి కూడ ఉన్నది. ఆ ఇంటివారు ఎట్లో కష్టపడి సిలిండరు నింపించుకొనిరనుకొనుడి. ప్రక్క ఇంటి పొయ్యి పొగ గోడ దగ్గర ఆగునా? కళ్లములో ఎండు మిరపకాయలు తిరుగవేయునప్పుడు లేచు ఘాటు, చేలలో తగులబెట్టు మోడుల పొగ, అరుగుమీది చుట్టపొగ, రాత్రంతయు మంచము క్రింద మండు దోమలచుట్ట, ఇవి ఏ ఇంటివో ఎవరు చెప్పగలరు? పొగకు ఇంటిపేరు లేదు. తన ఇంటిని ఎంత శుభ్రముగా నుంచుకొన్నను, ఒక తల్లి తన బిడ్డకు ఊరిగాలిని వేరుచేసి ఇవ్వలేదు.

ఈ మాట పల్లెకే కాదు, పెద్ద పట్టణమునకును వర్తించును. లండను నగరములో ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అను బాలిక ఉండెను. ఆమె ఇల్లు ఎల్లప్పుడును బండ్లు తిరుగు పెద్ద రోడ్డుకు సమీపముననే. మూడేండ్లలో ఇరువదికి పైగా సార్లు ఆసుపత్రిలో చేరెను. 2013 ఫిబ్రవరిలో, తొమ్మిదేండ్ల వయస్సున, మరణించెను. ఆమె తల్లి రోసముండ్ ఊరకుండలేదు. ఏండ్ల తరబడి పోరాడి మరల విచారణ చేయించెను. 2020 డిసెంబరులో విచారణాధికారి, ఆ బిడ్డ మరణమునకు బండ్లపొగతో చెడిన గాలియు ఒక కారణమని తీర్పు వ్రాసెను. ఆ దేశములో ఒక మనిషి మరణమునకు అట్టి కారణము వ్రాయబడుట అదే మొదటిసారి. తీర్పులో నన్ను నిలిపివేసిన మాట వేరొకటి ఉన్నది. గాలి చెడినదని, అది ఉబ్బసమును పెంచునని ఆ తల్లికి ఎవరును చెప్పలేదు. చెప్పియున్నయెడల ఆమె తగిన జాగ్రత్త తీసికొనియుండును అని ఆ అధికారి కనుగొనెను. తెలిసినవారు చెప్పకుండుట కూడ మరణపు లెక్కలోనికి వచ్చినది.

కాబట్టి చెప్పవలసినదే. నేను చెప్పుట తప్పు కాదు. చెప్పి ఊరకుండుట తప్పు.

కపెర్నహూములో నలుగురు మనుష్యులు పక్షవాయువు గలవానిని మంచముమీద మోసికొనివచ్చి, జనసమూహమునుబట్టి లోపలికి పోలేక, ఇంటి కప్పు విప్పి దింపిన సంగతి మీరు చిన్ననాటినుండి విన్నదే. ఆ నలుగురిని గూర్చి అనేక ప్రసంగములు విన్నాను, నేనును చేసితిని. నాయనమ్మ మాట విన్న తరువాత నాకు వేరొక మనిషి జ్ఞాపకము వచ్చుచున్నాడు. ఆ ఇల్లు ఎవరిదో, ఆ యిల్లు గలవాడు. మన్ను తలమీద రాలుచుండగా, తన కప్పుకు గండి పడుచుండగా, అతడు ఏమనెనో వ్రాయబడలేదు. మరుసటి దినము దానిని ఎవరు బాగుచేయించిరో వ్రాయబడలేదు. రోగి నడిచి ఇంటికి పోయెను, అందరును ఆశ్చర్యపడిరి. ఒకని కప్పుకు మాత్రము నష్టము మిగిలెను. ఇతరుల బిడ్డ బాగుపడుటకు మన కప్పుకు ఎంత గండి పడనిచ్చెదమనునదే అసలు ప్రశ్న అని నాకు తోచుచున్నది. నా కళ్లము నేను ఎక్కడ వేసికొన్న ఎవరికేమి అనువాడు, నా చుట్ట నా ఇష్టమనువాడు తన కప్పును కాపాడుకొనుచున్నాడు.

ఆ పాప ఆసుపత్రినుండి వచ్చిన తరువాత మన సంఘపు పెద్దలు ఈ విషయమై కూడుకొనిరి. అందరును ఒక్కమాట మీద నుండిరని వ్రాసినయెడల అబద్ధమగును. "కానుక డబ్బు గ్యాసు బండలకా?" అని ఒక పెద్ద అడిగెను. "ఒక ఇంటికి ఇస్తే పది ఇళ్లవాళ్లు అడుగుతారు" అని మరియొకరు. "సంఘస్థులు కాని ఇళ్ల మాటేమిటి?" అని ఇంకొకరు. ఇవి తేలికగా కొట్టివేయదగిన మాటలు కావు. డబ్బు కొంచెము, అక్కరలు అనేకము. చివరకు తేలినది ఇంత. దానము కాదు, చేబదులు. 2024 చివర ఆంధ్రప్రదేశములో దీపము-2 పథకము మొదలై, అర్హత గల ఇంటికి ఏటికి మూడు సిలిండర్లు ఉచితమని ప్రకటించిరి; అయితే మొదలుపెట్టినప్పుడు డబ్బు ముందు కట్టి సిలిండరు దించుకొనవలసియుండెను, తరువాత ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడెను. తెలంగాణలో 2024లో వచ్చిన 500 రూపాయల సిలిండరు పథకమును అటువంటిదే. ముందు కట్టుటకు డబ్బు లేకనే అనేక ఇండ్లలో సిలిండరు తలుపు వెనుక నిలిచిపోవుచున్నది. ఆ కొద్ది దినముల చేబదులు స్త్రీల సమాజపు పెట్టెలోనుండి ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఆయాసపు బిడ్డ ఉన్న ఇంటికి మొదట. ఆ ఇల్లు గుడికి వచ్చునదా రానిదా అని అడుగరాదు. పొగ అడుగదు గదా.

కొందరు తిరిగి కట్టలేదు. అది కూడ వ్రాయవలసినదే.

ఊరిలో ఇదివరకే ఉన్న సహాయము మనమనుకొన్నదానికంటె ఎక్కువ. ఆశా కార్యకర్తకు ఏ ఇంటిలో ఏ బిడ్డకు ఆయాసమో తెలియును. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013లో మొదలైనది; దాని వైద్యబృందములు అంగన్‌వాడీలకును ప్రభుత్వ బడులకును వచ్చి పిల్లలను చూచును, వారు వెదకు జబ్బులలో ఈ ఆయాసము కూడ ఒకటి. బృందము వచ్చు దినమున బిడ్డను కూలికి వెంట తీసికొనిపోకుడి. సాల్బుటమాల్, బ్యూడెసొనైడు రెండును మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి గనుక ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో అడుగుట భిక్షము కాదు, హక్కు. లేవన్నయెడల ఎప్పుడు వచ్చునని అడుగుడి. ఒక్కరుగా కాక నలుగురుగా వెళ్లి అడిగినయెడల జవాబు వేరుగా ఉండును.

గుడి సంగతి కూడ చూచుకొంటిమి. ఆదివారపు బడికి ముందు పొడి చీపురుతో ఊడ్చి, ఆ దుమ్ములోనే పిల్లలను కూర్చుండబెట్టుచుంటిమి. ఇప్పుడు శనివారము సాయంకాలమే తడిగుడ్డతో తుడుచుచున్నారు. క్రిస్మసుకు ముందు సున్నము కొట్టుట మొదటి వారములోనే ముగించుచున్నారు. అరుగుమీద చుట్ట కాల్చరాదనుట మాత్రము ఒక సంవత్సరపు తగవు. దానిని గూర్చి వ్రాసిన మరల తగవగును. ఇంటిలోనైతే బిడ్డ పండుకొను దిండు, పరుపు ఎండలో వేయుట, దుప్పట్లు వేడినీళ్లలో ఉదుకుట, గోడ చెమ్మకు బూజు పట్టకుండ చూచుకొనుట మంచిది. అయితే ఇవన్నియు చేసితిమి గనుక మందు మానవచ్చునని తలంచకుడి. ఇల్లు తుడుచుట మందుకు తోడే గాని, మందుకు బదులు కాదు.

ఇక సీసా సంగతి. చిన్నపిల్లలు డబ్బా నొక్కుటయు పీల్చుటయు ఒక్కసారిగా చేయలేరు. మందు నాలుకమీదనే పడిపోవును. అందుకు స్పేసరు అను గొట్టము కావలెను. దానికి డబ్బు లేనివారు ఏమి చేయవలెను? దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్‌లో హెదర్ జార్ అను వైద్యురాలు, ఆమె తోటివారు దీనిని పరీక్షించి 1999లో ప్రకటించిరి. అర లీటరు ప్లాస్టికు సీసా అడుగున ఇన్‌హేలరు మూతి బిగువుగా పట్టునంత రంధ్రము చేసి, సందు లేకుండ జిగురుతో మూసి, సీసా మూతినుండి బిడ్డ పీల్చినయెడల, ఆయాసముతో వచ్చిన పిల్లలకు అది కొనిన స్పేసరంత బాగుగా పనిచేసెను. సీసాను ముందుగా గిన్నెలు తోము సబ్బునీళ్లతో కడిగి, తుడువక, గాలికి ఆరనియ్యవలెను. తుడిచినయెడల మందు గోడలకు అంటుకొనును. డబ్బాను బాగుగా కదిపి, ఒక్కసారి నొక్కి, బిడ్డను నెమ్మదిగా ఐదారు ఊపిరులు తీసికొననియ్యవలెను. తరువాత మరల నొక్కవలెను. ఎన్నిమారులో వైద్యుని అడిగి, కాగితముమీద వ్రాయించుకొని గోడకు అంటించుకొనుడి. బిడ్డ వాక్యము పూర్తిగా పలుకలేకపోయినను, డొక్కలు లోపలికి లాగుచున్నను, పెదవులు నీలిబారినను తెల్లవారువరకు చూడకుడి. నీలిమందు ఇచ్చుచునే 108కి ఫోను చేయుడి, లేదా ఏ బండి దొరికిన ఆ బండి ఎక్కించుడి. మన వీధులలో రాత్రివేళ లేచుటకు ఒప్పుకొన్న ఇద్దరు ఆటోవాండ్ర నంబర్లు ఇప్పుడు గుడి తలుపుమీద వ్రాసియున్నవి. అందులో ఒకడు ఆ రాత్రి లేచినవాడే.

ఆ ఇంటికి మరల వెళ్లుటకు నాకు చాల దినములు పట్టెను. సిగ్గు. చివరకు ఆశా కార్యకర్తయే నన్ను వెంటబెట్టుకొని పోయెను. పొయ్యి పూర్తిగా ఆరిపోలేదు. నీళ్లు కాచుటకు పెరటిలో రాజేయుచున్నారు. వంట గ్యాసుమీద. తాతగారు చుట్ట మానలేదు గాని వీధి చివర రావిచెట్టు క్రిందికి మకాము మార్చిరి. ఇన్‌హేలరు, సీసా ఒక గుడ్డసంచిలో గుమ్మము ప్రక్క మేకుకు వ్రేలాడుచుండెను, వచ్చినవారందరికి కనబడునట్లు.

నాయనమ్మ నన్ను చూచి, "ఈసారి ఏం చెప్పడానికి వచ్చారయ్యగారూ?" అనెను. ఏమియు లేదు, చూచిపోవుటకు వచ్చితినంటిని. అప్పుడామె కూర్చుండుమని పీట వేసి, తన కథ తానే చెప్పెను. మేనత్తకు మరియొక సంబంధము వచ్చినదట. పెండ్లికొడుకు తల్లి లోపలికి వచ్చుచునే మేకుకున్న సంచి చూచి అదేమిటని అడిగినదట.

"దాచి ఒకసారి పిల్లను చంపుకోబోయాం గదయ్యగారూ. ఇంకేం దాస్తాను? మా మనవరాలికి ఉబ్బసం, ఇది దాని మందు అని చెప్పేశాను. ఆవిడ ఆ సీసా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి, వదినా, మా చిన్న మనవడికి కూడా ఉంది, మేం ఎవరికీ చెప్పలేదు, అంది."

సంబంధము కుదిరినదా అని అడిగితిని. కట్నము దగ్గర తప్పిపోయినదట. అది వేరొక నెల వ్రాయవలసిన సంగతి.

"పోతే పోయిందిలెండి" అనెను నాయనమ్మ. "వాళ్లు లేచేలోపల పొయ్యిలో ఇనుపతీగ కాల్చి, ఒక సీసాకి బెజ్జం పెట్టి ఇచ్చి పంపాను."